అలమరాల్లో ఉండిపోయిన ఆదివారాలు

'రామాయణ్', 'మాల్గుడి డేస్' డిస్కులుగా మారి ఇళ్లకు తిరిగొచ్చాయి. తెలుగు టీవీ పాత సరుకుకు ఆ అదృష్టం అంతంత మాత్రమే

పుదుచ్చేరి నుంచి కడలూరు రోడ్డు పట్టుకుని దక్షిణంగా నాలుగు కి.మీ. వెళ్తే ఒక నది, దాని మీద వంతెన, ఆ వంతెన దాటితే అరియాంకుప్పం. ఊరి శివారులో, నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, చెట్ల మధ్య ఒక దిబ్బ ఉంది. పేరు అరికమేడు. 1944లో భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన మార్టిమర్ వీలర్ మద్రాసు మ్యూజియంలో ఒక అలమరాలో పడివున్న మట్టిజాడీ మెడ ముక్కను చూసి ఉలిక్కిపడ్డారు. అది మధ్యధరా ప్రాంతం నుంచి ద్రాక్షసారా మోసుకొచ్చిన జాడీ. ఎక్కడిదని ఆరా తీస్తే పాండిచ్చేరి పక్కన దొరికిందన్నారు. మరుసటి ఏడాదే, ఆ గడ్డ ఇంకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండగానే, ఆయన అరికమేడులో పలుగు వేయించారు. ఇటలీలో తయారైన ఎర్రటి పాత్రల పెంకులు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ వర్తకానికి తమిళ తీరంలో తిరుగులేని సాక్ష్యం దొరికింది.

వీలర్ కథ అక్కడితో ఆగలేదు. ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక ఆయన టీవీ తార అయ్యారు. 1952లో బీబీసీ మొదలుపెట్టిన 'యానిమల్, వెజిటబుల్, మినరల్?' అనే కార్యక్రమంలో మ్యూజియంల నుంచి తెచ్చిన వింత వస్తువులను పండితుల ముందు పెట్టి, అదేమిటో చెప్పమనేవారు. మీసాలు దువ్వుకుంటూ వీలర్ చెప్పే జవాబుల కోసం జనం ఎదురుచూసేవారు. 1954లో బ్రిటన్‌లో ఆ ఏటి మేటి టీవీ వ్యక్తిగా ఆయన ఎంపికయ్యారు. తమాషా ఏమిటంటే, ఆయన తవ్వితీసిన రెండు వేల ఏళ్ల నాటి పెంకులు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. 70 ఏళ్ల కిందటి ఆయన టీవీ కార్యక్రమంలో మాత్రం కొద్ది ఎపిసోడ్‌లే మిగిలాయి. ఆ రోజుల్లో ప్రసారాలు ఎక్కువగా లైవ్. గాల్లోకి వెళ్లింది గాల్లోనే పోయింది.

టేపులు వచ్చాకైనా పరిస్థితి బాగుపడిందా అంటే అదీ లేదు. వీడియో టేపు ఖరీదైన సరుకు. ఒకసారి ప్రసారం అయిపోయిన కార్యక్రమాన్ని చెరిపేసి అదే టేపు మీద మరొకటి రికార్డు చేయడం ప్రపంచమంతటా టీవీ సంస్థల అలవాటు. 1970ల చివరిదాకా బీబీసీ చేసింది అదే. ఆ దెబ్బకు 'డాక్టర్ హూ' సీరియల్ 1960ల నాటి ఎపిసోడ్‌లలో ఇప్పటికీ దొరకనివి వందకు దగ్గరగా ఉన్నాయి. మన దూరదర్శన్ తొలినాటి ప్రసారాలు చాలావరకు ఆనవాలు లేకుండా పోవడానికీ ఈ పొదుపే ఒక కారణం. పాత సీరియల్‌ను ఇంట్లో కూర్చుని మళ్లీ మళ్లీ చూసుకునే రోజు వస్తుందనీ, దానికి జనం డబ్బిస్తారనీ అప్పట్లో ఎవరూ ఊహించలేదు.

ఆ రోజు డీవీడీతో వచ్చింది. 1996 నవంబర్‌లో జపాన్‌లో, ఆ మరుసటి ఏడాది అమెరికాలో డీవీడీ అమ్మకాలు మొదలయ్యాయి. తొలుత వచ్చినవన్నీ సినిమాలే. సీరియల్ అనేసరికి కంపెనీలు జంకేవి. వీహెచ్ఎస్ రోజుల్లో క్యాసెట్‌కు రెండు ఎపిసోడ్‌ల చొప్పున అమ్మేవారు. ఒక సీజన్ అంతా కొనాలంటే బీరువాలో ఒక అర ఖాళీ చేయాల్సిందే. 2000లో 'ది ఎక్స్-ఫైల్స్' మొదటి సీజన్ మొత్తాన్ని ఒకే పెట్టెలో పెట్టి అమ్మితే ఆ లెక్కలన్నీ తారుమారయ్యాయి. ఆ తర్వాత పాత సీరియల్‌కు రెండో జన్మ అన్నది మామూలైపోయింది.

భారత్‌లో ఆ పని ముందు వీసీడీ చేసింది. బొమ్మ నాసిగా ఉన్నా ప్లేయర్ చవక, డిస్కు చవక. అయితే ఒక్కో వీసీడీలో పట్టేది 74 నిమిషాలే. రామానంద్ సాగర్ 'రామాయణ్' 78 ఎపిసోడ్‌లు. ఒక్కోటి 35 నిమిషాల చొప్పున లెక్కేసుకున్నా 45 గంటల పైచిలుకు. అంటే వీసీడీలైతే 37 దాకా కావాలి, డిస్కుకు రెండు గంటల చొప్పున డీవీడీలైతే 23 చాలు. పుణ్యం దక్కుతుందో లేదో గానీ, యుద్ధకాండ మధ్యలో లేచివెళ్లి డిస్కు మార్చే బాధ మాత్రం తగ్గింది.

ధర సంగతి తేల్చింది మోజర్ బేర్. ఖాళీ డిస్కులు తయారుచేసి ప్రపంచమంతా ఎగుమతి చేసే ఈ కంపెనీ 2007 ప్రాంతంలో హోమ్ వీడియోలోకి దిగి వీసీడీ రూ. 28, డీవీడీ రూ. 34 అంది. అప్పటిదాకా అసలు డీవీడీ అంటే వందల్లో మాట. పైరేటెడ్ డిస్కుల ధరకే అసలు సరుకు దొరకడంతో కిరాణా కొట్లలో కూడా డిస్కులు వేలాడాయి. ఆ సంబరం పదేళ్లయినా నిలవలేదు. మొదట పెన్ డ్రైవ్, ఆపైన చేతిలో ఫోన్ వచ్చి డిస్కు గిరాకీని మింగేశాయి. 2017లో దివాలా ప్రక్రియలోకి వెళ్లిన మోజర్ బేర్‌ను 2018లో మూసివేతకు పంపారు.

ఆ కొద్ది కాలంలోనే చాలా వచ్చాయి. ఆగుంబెలో శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్' సెట్‌గా వచ్చింది. బి.ఆర్. చోప్రా 'మహాభారత్' 94 ఎపిసోడ్‌లతో వచ్చింది. హైదరాబాద్ బిడ్డ శ్యామ్ బెనెగల్, నెహ్రూ 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' ఆధారంగా 53 భాగాలుగా తీసిన 'భారత్ ఏక్ ఖోజ్' కూడా వచ్చింది. 1988లో తొలిసారి ప్రసారమైనప్పుడు పురాణాల హోరులో ఈ చివరి దాన్ని పెద్దగా పట్టించుకోనివారు కూడా తర్వాత పిల్లల చదువుకోసమని కొని దాచుకున్నారు. బెనెగల్ 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. సినిమాల సంగతి ఎలావున్నా, ఆయన పనితనంలో అన్నిటికన్నా ఎక్కువ కాలం బడి పిల్లలకు పనికొచ్చేది బహుశా ఇదే.

హక్కు ఎవరిది, టేపు ఎవరిది

ఏ సీరియల్ బయటికొస్తుంది, ఏది రాదు అన్నది దాని గొప్పదనాన్ని బట్టి తేలదు. కాగితాలను బట్టి తేలుతుంది. 1984లో మ్యాగీ నూడుల్స్ డబ్బుతో 'హమ్ లోగ్' మొదలైనప్పటి నుంచి దూరదర్శన్‌లో స్పాన్సర్డ్ సీరియళ్ల శకం నడిచింది. నిర్మాత సీరియల్ తీస్తాడు, స్పాన్సర్ ఖర్చు భరిస్తాడు, దూరదర్శన్ తన రుసుము తీసుకుని ప్రసారం చేస్తుంది. ఆ పద్ధతిలో సీరియల్ మీద హక్కు సాధారణంగా నిర్మాతకే మిగిలేది. అందుకే 'రామాయణ్' సాగర్ కుటుంబం చేతిలో, 'మహాభారత్' చోప్రాల చేతిలో ఉన్నాయి. ఇంటి ఆస్తి కాబట్టి వారు టేపులను కాపాడుకున్నారు, వీలు దొరికినప్పుడల్లా అమ్ముకున్నారు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దూరదర్శన్ 'రామాయణ్' మళ్లీ వేయాలనుకుంటే సాగర్ కుటుంబం నుంచే తెచ్చుకోవాల్సి వచ్చింది. మార్చి 28న మొదలైన ఆ పునఃప్రసారంలో ఏప్రిల్ 16 నాటి ఎపిసోడ్‌ను 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించుకుంది. 33 ఏళ్ల పాత సీరియల్‌కు అది!

దూరదర్శన్ సొంత ఖర్చుతో తీయించిన కార్యక్రమాలు మరో దారి. వాటికి యజమాని సర్కారు. దూరదర్శన్ ఆర్కైవ్స్ విభాగం కొన్నిటిని శుభ్రం చేసి డిస్కులుగా అమ్మింది. సంగీత కచేరీలు, నాట్యాలు, కొన్ని సీరియళ్లు అలాగే దొరికాయి. ఇక ప్రాంతీయ కేంద్రాలలో తయారైన సరుకుకు అటు నిర్మాత ఆశా లేదు, ఇటు ఢిల్లీ శ్రద్ధా అంతగా అందలేదు. తెలుగువారి చిక్కంతా ఇక్కడే ఉంది.

తెలుగు టీవీకి చరిత్ర తక్కువేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 పల్లెలకు పాఠాలు, సేద్యం కబుర్లు చూపించిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. నగరాల్లోనే చాలామంది టీవీ ఎరగని రోజుల్లో ఆ పల్లెల వారు పంచాయతీ సెట్టు ముందు కూర్చుని తెలుగు కార్యక్రమాలు చూశారు. 1977 అక్టోబర్ 23న రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రాన్ని ప్రారంభించారు. నాటకాలు, నాటికలు, శుక్రవారం చిత్రలహరి... 1995లో జెమిని, ఈటీవీ వచ్చేదాకా తెలుగు లోగిళ్లలో టీవీ అంటే ఆ కేంద్రమే. ధర్మవరపు సుబ్రహ్మణ్యం సినిమాల్లో లెక్చరర్‌గా నవ్వించకముందే 'ఆనందో బ్రహ్మ'తో ఇంటింటి మనిషయ్యారు. మంజులా నాయుడు 'రుతురాగాలు' సీరియల్ పాట మొదలైతే వంటింట్లో స్టవ్ కట్టేసి వచ్చిన ఇల్లాళ్లు ఇప్పుడు మనవలకు ఆ పాట వినిపిస్తున్నారు. ప్రైవేటు చానళ్ల సరుకూ తక్కువది కాదు. ఎస్.ఎస్. రాజమౌళి 'స్టూడెంట్ నెం. 1'కు ముందు మెగాఫోన్ పట్టింది ఈటీవీ 'శాంతి నివాసం' సీరియల్‌కే. అదే చానల్ కోసం బాపు, ముళ్లపూడి వెంకటరమణ 'శ్రీ భాగవతం' తీశారు.

హిందీ సీరియళ్ల డిస్కులు అట్టపెట్టెల్లో బారులు తీరిన ఆ రోజుల్లో దుకాణాల తెలుగు అరలో ఉన్నవి దాదాపుగా సినిమాలే. తెలుగు సీరియల్ పూర్తి సెట్ అరుదు. కారణం ఊహించడం కష్టం కాదు. రోజువారీ సీరియల్ వెయ్యి ఎపిసోడ్‌లు దాటితే దాన్ని ఏ పెట్టెలో పెట్టి ఎవరికి అమ్ముతారు? వారానికొకటి చొప్పున వచ్చి, దేనికది పూర్తయ్యే కథలకే డిస్కు కుదురుతుంది. ఆ కొలతకు అచ్చంగా సరిపోయిన తెలుగు సీరియల్ 'అమృతం'. గుణ్ణం గంగరాజు నిర్మాణంలో 2001 నవంబర్ 18 నుంచి 2007 నవంబర్ 18 దాకా జెమినిలో ప్రతి ఆదివారం నవ్వులు పంచింది. మొత్తం 313 ఎపిసోడ్‌లు. అమృతరావుగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు మారినా ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ కదలలేదు. హోటల్‌లో ఇడ్లీలు ఎంత గట్టివో, ఆ సీరియల్ అభిమానం అంతకంటే గట్టిది. హక్కులు నిర్మాత దగ్గరే ఉండటం దాన్ని బతికించింది. ఎపిసోడ్‌లు యూట్యూబ్‌కెక్కాయి. సీరియల్ ప్రసారమైనప్పుడు పుట్టని పిల్లలు కూడా ఇప్పుడు సర్వం మాటలు అప్పజెబుతారు. 2020 మార్చి 25న, ఉగాది రోజున, జీ5లో 'అమృతం ద్వితీయం' మొదలైందంటే అదంతా ఈ రెండో జీవితం పుణ్యమే. గుండు హనుమంతరావు మాత్రం అప్పటికి లేరు. 2018లో కన్నుమూశారు.

పాటలు మరో మెలిక. సీరియల్‌లో సినిమా పాట రెండు నిమిషాలు వినబడితే ప్రసారానికి ఇచ్చిన అనుమతి డిస్కుకు చాలదు. అమెరికాలో రేడియో స్టేషన్ నేపథ్యంతో వచ్చిన 'డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి' సీరియల్‌ను 2007లో డీవీడీ చేసినప్పుడు అసలు పాటలు తీసేసి ఊరూపేరూ లేని సంగీతం అతికించారు. అభిమానులు తిట్టిపోశారు. చాలావరకు పాత పాటలతో మళ్లీ రావడానికి 2014 దాకా పట్టింది. 'ద వండర్ ఇయర్స్' అయితే ఈ పాటల బేరం తెగకే అదే ఏడాది వరకు ఆగిపోయింది. భారత్‌లో 2012 కాపీరైట్ సవరణ పాటల రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ హక్కును గట్టిపరచింది. న్యాయమే. కానీ ఇరవై ముప్ఫై ఏళ్ల కిందట నోటిమాట మీద నడిచిన తెలుగు సీరియల్‌కు ఇప్పుడు కాగితాలు ఎక్కడి నుంచి వస్తాయి?

చట్టం ప్రకారం వీడియో రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు. 1987లో తొలిసారి ప్రసారమైన ఎపిసోడ్‌పై అది 2047 చివరిదాకా ఉంటుంది. టేపుకు అంత ఆయుష్షు లేదు. ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంతపు పొడిని అంటించే బంక తేమను పీల్చి జిగురుగా మారుతుంది. ఆడిస్తే పొడి రాలి హెడ్డుకు అంటుకుంటుంది. అరియాంకుప్పం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి, ఉక్కకు తోడు బూజు కూడా. మూడు వానాకాలాలు అటక మీద గడిపిన క్యాసెట్‌ను తెరిచి చూస్తే అంచున తెల్లటి నూగు కనిపిస్తుంది. మెత్తని గుడ్డతో తుడిచి, ఎండ తగలకుండా ఆరబెట్టి, ఒక్కసారి ఆడించి, ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. పైగా ఆడించడానికి యంత్రమూ ఉండాలి. వీసీఆర్‌ల తయారీలో చివరిదాకా నిలిచిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆ పని ఆపేసింది. టీవీ కేంద్రాల్లో వాడిన యు-మ్యాటిక్, బీటాక్యామ్ యంత్రాలకు విడిభాగాలు దొరకడం మరీ కష్టం.

ఫ్రెంచి లెక్క, మన లెక్క

వంతెనకు అవతల, పుదుచ్చేరి నగరంలో 1955 నుంచి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అందులోని శైవాగమాల తాళపత్ర ప్రతులను యునెస్కో 2005లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. తాటాకును చమురు రాసి, చీడ పట్టకుండా వందల ఏళ్లు నిలబెట్టడం ఇక్కడి వారికి తెలిసిన విద్యే. టీవీని నిలబెట్టే విద్య మాత్రం ఆ ఫ్రెంచివారి సొంత దేశంలోనే ఆగిపోయింది. ఫ్రాన్స్‌లో 1975లో ఏర్పాటైన జాతీయ ఆడియో విజువల్ సంస్థ 'ఇనా' ముఖ్యమైన పనుల్లో ఒకటి ఇదే. రేడియో, టీవీ ప్రసారాలను దాచడం. 1992 నాటి చట్టంతో పుస్తకాల మాదిరే ప్రసారాలకూ ప్రతి దాఖలు చేయడం తప్పనిసరైంది. 2006 ఏప్రిల్‌లో ఇనా తన భాండాగారాన్ని ఇంటర్నెట్‌లో జనానికి తెరిచింది. పాత టీవీ నాటకాలను, సీరియళ్లను డీవీడీలుగా అమ్మింది. దాచినవాడే అమ్మేవాడు కావడంతో హక్కుల వేట, టేపుల వేట రెండూ ఒక్కచోటే తేలాయి.

భారత్‌లో 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం జాతీయ గ్రంథాలయానికి చేరాలి. తర్వాత పత్రికలను కూడా అందులో చేర్చారు. సినిమాలకు 1964 నుంచి పుణేలో ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. టీవీ కార్యక్రమం ప్రతిని ఫలానా చోట దాఖలు చేయాలని చెప్పే చట్టమే లేదు. రాష్ట్ర విభజన తర్వాత 2014లో హైదరాబాద్ కేంద్రం 'యాదగిరి'గా, విజయవాడ కేంద్రం 'సప్తగిరి'గా వేరుపడ్డాయి. రెండు రాష్ట్రాలలోనూ భాష, సంస్కృతి పేరుతో శాఖలున్నాయి, అకాడమీలున్నాయి. నాలుగు దశాబ్దాలపాటు తెలుగువారు ప్రతి సాయంత్రం చూసిన బొమ్మలు ఏ శాఖ కిందికి వస్తాయో ఎవరూ తేల్చలేదు.

ప్రసార భారతి 2024 నవంబర్ 20న గోవా చలనచిత్రోత్సవంలో 'వేవ్స్' పేరిట సొంత ఓటీటీ ప్రారంభించింది. 'రామాయణ్', 'మహాభారత్' లాంటి పాత పేర్లనే ముందు పెట్టి జనాన్ని పిలిచింది. మంచిదే. డిస్కు కొనుక్కున్నవారికి తెలిసిన తేడా ఒకటుంది. ఓటీటీలో ఉన్నది రేపు ఉండకపోవచ్చు. ఒప్పందం గడువు తీరితే అడగకుండానే మాయమవుతుంది. అల్మారాలో ఉన్న డిస్కును ఎవరూ వచ్చి పట్టుకుపోరు. గీతలు పడనంత వరకు, ప్లేయర్ ఉన్నంత వరకు.

ఇక మిగిలిన ఆశ ఇళ్లలోనే. 1991లో హాంకాంగ్ టీవీ సంస్థ దగ్గర 'డాక్టర్ హూ' కథ ఒకటి పూర్తిగా దొరికితే మరుసటి ఏడాది దాని వీహెచ్ఎస్ బ్రిటన్‌లో అమ్మకాల్లో అగ్రస్థానానికి వెళ్లింది. 2013లో నైజీరియాలోని జోస్ పట్టణంలో మరో తొమ్మిది ఎపిసోడ్‌లు దొరికాయి. బొమ్మ పోయిన ఎపిసోడ్‌లకు కూడా శబ్దం మిగిలిందంటే కారణం ఆనాటి ప్రేక్షకులు టీవీ పక్కన టేప్ రికార్డర్ పెట్టుకుని దాచుకోవడమే. 1980ల చివర్లో, 90ల్లో తెలుగు ఇళ్లలోనూ వీసీఆర్‌లు ఉండేవి. ఇష్టమైన కార్యక్రమం వస్తుంటే ఎర్ర బటన్ నొక్కి, మధ్యలో నిర్మా ప్రకటనతో సహా రికార్డు చేసుకున్నవారు ఉన్నారు. పెళ్లి క్యాసెట్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చే ఫోటో స్టూడియోలు ఇంకా చాలా పట్టణాల్లో పనిచేస్తున్నాయి. అప్పగింతల దగ్గర పెళ్లి అయిపోయాక టేపు ఇంకా కొంత మిగిలి ఉంటుంది. ఆపరేటర్లు సాధారణంగా అక్కడితో ఆపేసి క్యాసెట్ వెనక్కిచ్చేస్తారు. దాన్ని చివరిదాకా తిప్పి చూడమని అడగడానికి అదనంగా అయ్యేది ఓ అరగంట.